చివరి బెంచీ తెల్లపొడి

విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయికి ఇంట్లో బల్లి అని పేరు. పెట్టింది వాళ్లక్క. ఎనిమిదో ఏట వంటింటి అలమరా పట్టుకుని అటక దాకా పాకి, దిగడం చేతకాక మూడు గంటలు అక్కడే కూర్చున్న సందర్భంలో జరిగిన నామకరణం అది. ఆ మూడు గంటలూ ఎవరూ వెతకలేదు. నోట్లో నాలుక లేని పిల్ల కదా, ఇంట్లోనే ఎక్కడో ఉంటుందనుకున్నారు. నిజానికి ఇంట్లోనే ఉంది కూడా.

ఇప్పుడామె చదువుకోసం వేరే ఊళ్లో ఒంటి గది అద్దెకు తీసుకుని ఉంటోంది. ఆ గది గోడకు నాలుగు రంగుల టైంటేబిల్ ఒకటి వేలాడుతుంది. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఎరుపు, అంటే రాళ్లెక్కడం. తొమ్మిది నుంచి నాలుగు దాకా నీలం, చదువు. ఐదు నుంచి ఆరు దాకా పచ్చ, మౌతార్గాన్ వాయించడం, తలుపూ కిటికీ మూసుకుని. ఆ తర్వాత నారింజ, ఆగిపోయిన చేతిగడియారాలు విప్పి బిగించడం. విప్పినవన్నీ బిగిసేవి, నడిచేవి కొన్ని. మహాసామ్రాజ్యాలను కూడా ఇంత పకడ్బందీగా ఏలి ఉండరు. అందులో మనుషులకు మాత్రం గడి లేదు. ఎవరినీ కావాలని తీసేయలేదు. రంగులు అయిపోయాయి, అంతే.

రాళ్లంటే పర్వతాలనుకునేరు. ఊరి చివర నీళ్ల ట్యాంకు వెనక పడి ఉన్న గుండ్లు. ఏదీ రెండు నిలువులకు మించదు. తాడు అక్కర్లేదు కాబట్టి తాడు పట్టే రెండో మనిషీ అక్కర్లేదు. పడితే దెబ్బ తగలకుండా కింద పరుచుకోవడానికి ఒక మందపాటి పరుపు, చెమటకు చెయ్యి జారకుండా రాసుకోవడానికి ఒక సంచీ తెల్లపొడి ఉంటే చాలు. ఆ పరుపు మడిచి వీపున కట్టుకుని ఆమె తొలి బస్సెక్కితే కండక్టరు రోజూ ఒకటే మాట అనేవాడు.

"పరుపుతో సహా బయల్దేరావు, అలిగి వెళ్లిపోతున్నావా అమ్మా?"

ఆమె రోజూ నవ్వేది. రోజంతా ఆమెతో ఎవరైనా అన్న మొదటి మాట అదే. చాలా రోజుల్లో చివరిది కూడా అదే.

ఇంత చక్కగా సాగుతున్న పాలనలో తిరుగుబాటు వేలికొనల దగ్గర మొదలైంది. ఆ టర్ము మొదట్లో తరగతి గుమ్మంలో హాజరు కోసం వేలిముద్రల మిషన్ పెట్టారు. రెండేళ్లుగా గరుకు రాళ్లకు రాసుకుపోయి ఆమె వేళ్లు గుడ్డు పెంకులా నున్నబడ్డాయి. మిషన్ పది వేళ్లనూ వరసగా పరిశీలించి "మళ్లీ ప్రయత్నించండి" అంది. వెనక క్యూలో వాళ్లు విసుక్కున్నారు. మర్నాటి నుంచి ఆమె అందరికీ దారి ఇచ్చి, ఆఖరున ఒకసారి వేలు పెట్టి, మిషన్ చేత తిట్టించుకుని, ఎప్పటి చివరి బెంచీకే వెళ్లి కూర్చునేది.

టర్ము చివర నోటీసు బోర్డు మీద జాబితా పెట్టారు. ఆమె పేరుకెదురుగా హాజరు పదకొండు శాతం. డెబ్బై అయిదు లేకపోతే పరీక్ష లేదు, ఏడాదంతా మళ్లీ చదవాలి.

ఆఫీసులో గుమాస్తా కళ్లజోడు మీద నుంచి చూశాడు.

"నువ్వు రాలేదమ్మా."

"వచ్చానండీ. రోజూ వచ్చాను."

"రాలేదని మిషన్ అంటోంది."

"వచ్చానని నేనంటున్నానండీ."

"నువ్వు మనిషివి, ఏమైనా అంటావు. ఏదీ, వేళ్లు చూపించు." చూసి ఉలిక్కిపడ్డాడు. "ఇవేం వేళ్లమ్మా! ఏం పని చేస్తావు?"

"రాళ్లెక్కుతానండీ."

"ఎందుకూ?"

"పైకి వెళ్లడానికండీ."

"పైనేముంది?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "ఏమీ ఉండదండీ. మళ్లీ దిగిపోతాను."

గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత నిష్ప్రయోజనమైన నిజం ఆయన వినలేదు. జాలి పుట్టింది కాబోలు, ఒక కాగితం తీసి ఇచ్చాడు. "నీ తరగతిలో ఇద్దరి చేత, నువ్వు రోజూ వచ్చేదానివని రాయించి సంతకాలు పట్రా. శుక్రవారం నాలుగింటి లోపల. అరవై మంది ఉన్నారు, ఇద్దరు దొరకరా?"

దొరకలేదు. మొదటి చిక్కు, ఆమెకు వాళ్లెవరో తెలియదు. చివరి బెంచీ నుంచి రెండేళ్లుగా అరవై మెడల వెనకభాగాలు క్షుణ్ణంగా చదివింది. మెడ మీద పుట్టుమచ్చ ఉన్నతను, అరగంటకోసారి మెడ విరుచుకునే ఆమె, అందరూ పరిచయమే. తీరా వాళ్లు ముఖాలు తిప్పేసరికి ఒక్కరినీ గుర్తుపట్టలేకపోయింది. రెండో చిక్కు, వాళ్లకూ ఆమె తెలియదు.

"కొత్తగా చేరారా?" అన్నాడు పుట్టుమచ్చ మెడవాడు, మర్యాదగా.

"చూడనిది చూశానని ఎలా రాయనండీ? ఏమీ అనుకోకండి" అంది మెడ విరిచే ఆమె. గణాంకశాస్త్రం చదివినవాళ్లతో ఇదే గొడవ, ఆధారం లేనిదే అబద్ధం కూడా ఆడరు. ప్రొఫెసరు గారి సాక్ష్యం అడగనే లేదు. ఆయన పాఠం బోర్డుకు చెప్పేవారు. బోర్డు రోజూ వచ్చేదని మాత్రం ప్రమాణం చేయగలరు.

గురువారం సాయంత్రం అక్క ఫోన్ చేసి సంగతంతా విన్నది.

"ఏమే బల్లీ, రెండేళ్లు చదివావు, ఇద్దరు దొరకలేదుటే నీకు?"

"లేదక్కా."

"పోనీ ఆ రాళ్లకి బాగా తెలుసుగా నువ్వు, వాటి చేత పెట్టించు సంతకం." కాసేపు నవ్వి, చెల్లెలు నవ్వకపోయేసరికి ఆగిపోయింది. "తిన్నావా?"

"తిన్నాను."

ఆ సాయంత్రం పచ్చగడి, నారింజగడి రెండూ ఖాళీగా గడిచాయి.

శుక్రవారం తరగతి అయిపోయింది. అందరూ వెళ్లిపోతున్నారు. ముందు బెంచీ అమ్మాయి, అంటే ఆమెకు సరిగ్గా ముందు కూర్చునే పొడుగు జడ అమ్మాయి, లేచి తన బెంచీ వెనక తగిలించిన నల్లసంచీ తీసి ఠపఠపా దులిపింది. తెల్లటి పొడి లేచింది. దాంతో పాటే ఆమె చూపు కూడా లేచి, వెనక బెంచీ మీదున్న చేతుల దగ్గర ఆగింది.

"ఆ పొడి నువ్వా!"

పాఠం జరుగుతున్నంతసేపూ చేతులు రుద్దుకుని, ముందు బెంచీ అంచుకు తట్టడం బల్లికి అలవాటు. ఆ సంగతి ఆమెకే తెలియదు.

"కప్పు పెచ్చులూడుతోందని రెండుసార్లు ఆఫీసులో రాసిచ్చాను తెలుసా? తాపీమేస్త్రీ వచ్చి కర్రతో కొట్టి చూసి వెళ్లాడు. ఇంట్లో మా అమ్మ రోజూ తిట్లు, కాలేజీకి వెళ్తున్నావా, సున్నం బట్టీకా అని. ఈ టర్ములో నాలుగంటే నాలుగు రోజులు పడలేదు. అమ్మయ్య, బాగుచేశారని సంబరపడ్డా."

"అప్పుడు నాకు జ్వరం" అంది బల్లి.

గదిలో ఒంటరిగా పడుకున్న ఆ నాలుగు రోజులనూ లెక్కపెట్టిన మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారని ఆమెకు తెలియడం అదే మొదటిసారి. గుమాస్తా ఇచ్చిన కాగితం చాపింది. పొడుగు జడ దాని మీద ఇలా రాసింది:

"ఈమెను నేను చూసిన గుర్తు లేదు. కాని నా సంచీకి పొడి అంటిన రోజులన్నిటా ఈమె నా వెనక ఉంది. అంటనివి నాలుగు."

గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇది ఒకటే కదా. రెండో సాక్షి?" అనబోయి, చటుక్కున లేచి బీరువాలోంచి ఒక ఫైలు లాగాడు. పొడుగు జడ ఫిర్యాదులు రెండూ ఉన్నాయి. మేస్త్రీ నివేదిక కూడా ఉంది: "కప్పు గట్టిగా ఉన్నది. పొడి ఎక్కడిదో తెలియలేదు." గుమాస్తా ముఖం వెలిగింది. మనిషి మాటకు విలువ లేకపోవచ్చు గాని ఫైల్లో ఉన్నది జరిగి తీరినట్టే. రెండో సాక్షి గడిలో, ఒత్తి ఒత్తి, "తరగతి గది పైకప్పు" అని రాసి ముద్ర గుద్దాడు. నాలుగింటికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్షలకు ముందు ఇంకో వారం తరగతులున్నాయి. బల్లి కృతజ్ఞతగా రోజూ ట్యాంకు కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా తోముకుని వచ్చేది. చెయ్యి తట్టబోతే ఒళ్లో పెట్టుకునేది. నల్లసంచీ తళతళలాడింది. సోమవారం, మంగళవారం పొడుగు జడ వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పనేముంది?

బుధవారం పాఠం మధ్యలో ఆ అమ్మాయి వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి సంచీ తడిమింది. వేళ్లు ముందుకు తెచ్చి చూసుకుంది. పక్కనున్న అమ్మాయితో గుసగుసగా అంది:

"వెనకమ్మాయి మూడు రోజులుగా రావట్లేదు. మళ్లీ జ్వరమేమో పాపం."

బల్లి ఆ మాటలు వింటూ మూరెడు దూరంలో కూర్చుని ఉంది. నోరు తెరిచింది. ప్రొఫెసరు గారు బోర్డుకు ఏదో నిరూపించేశారు, గంట మోగింది, అరవై మెడలూ లేచాయి.

గురువారం పొద్దున రాళ్ల దగ్గర నుంచి వస్తూ ఆమె కుళాయి దగ్గర ఆగింది. తిప్పలేదు. తరగతిలో అందరికన్నా ఆఖరున కూర్చుని, బొటనవేలూ చూపుడువేలూ రుద్ది, నల్లసంచీ పట్టీ మీద చిటికెడు పొడి జాగ్రత్తగా రాల్చింది.

కాసేపటికి ముందు నుంచి ఒక చెయ్యి వచ్చి సంచీ తడిమి, దాన్ని దులిపి, వెళ్లిపోయింది.