మా నాన్న పక్షవాతం మంచం మీద పడుకున్న పొద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ అందరిమీదా విసుక్కున్న కాలం ఒకటుంది. మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. భద్రాచలం దవాఖానాలో కొన్నాళ్లు ఉంచుకుని ఇంటికి పంపించారు. మా ఊరు పర్ణశాల దారిలో ఉండేది. సరిగ్గా అప్పుడే మిరపకాయ ఏరుడు మొదలైంది. కూలీలు దొరకక నాన్న చిరచిరలాడుతున్నాడు. అమ్మ చేనుకూ ఇంటికీ మధ్య పరుగులు పెడుతోంది. ఎర్రుపాలెం నుంచి సాయానికి వచ్చిన మా పెద్దత్త, అంటే నాన్నకు అక్క, సాయం కంటే పెత్తనం ఎక్కువ చేసేది.

అంతలో నాయనమ్మ తినడం మానేసింది. చెంచా దగ్గరికి తెస్తే పళ్లు బిగబట్టేది. బలవంతాన పోస్తే పొలమారి ఉమ్మేసేది. జావ పలుచగా కాయలేదని అత్త అమ్మను అనేది, తొందరపెట్టి పోస్తుందని అమ్మ అత్తను అనేది. "మొండి ముసల్ది, కావాలనే చేస్తున్నది" అని నాన్న ఇద్దరి మీదా అరిచేవాడు. చూస్తుండగానే నాయనమ్మ చేతులు పుల్లలయ్యాయి.

మా ఊరికి వచ్చిపోయే నర్సును అందరం నర్సక్క అనేవాళ్లం. కూర్చోబెట్టి తినిపించండి, బాగున్న పక్కనుంచి పెట్టండి, మింగిందాకా ఆగండి అని ఆమె చెబుతూనే ఉంది. అమ్మకు చెబితే ఆ పూట అత్త పెట్టేది, అత్తకు చెబితే మర్నాడు అమ్మ పెట్టేది. ఎవరినడిగినా తప్పు రెండోవాళ్లది. చివరికి నర్సక్కకూ ఓపిక పోయింది.

"ఒక్క మనిషిని జూడనీకి వస్తే ఇల్లంత జూడాల్సొస్తున్నది. రేపు పొద్దున అందరు ఇంట్లనే ఉండుండ్రి," అంది.

"మిర్చి ఏరుడుంది," అన్నాడు నాన్న.

"ఉండనియ్. అందరికంటె ముందు నువ్వుండాలె."

మర్నాడు ఆమె నాయనమ్మను దిళ్ల ఆసరాతో కుర్చీలో కూర్చోబెట్టి, ఆ మంచం మీద నాన్నను పడుకోమంది.

"నాకేమైంది?" అన్నాడు నాన్న.

"పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి లేవదు, మాట రాదు. ఇగ పండు."

తర్వాత అమ్మవైపూ అత్తవైపూ తిరిగింది. రోజూ ఎలా పెడుతున్నారో అలాగే పెట్టమంది, రోజూ ఏం మాట్లాడుకుంటారో అదే మాట్లాడుకోమంది. తల కింద దిండైనా పెట్టకుండా అత్త జావ పోసింది. సగం నాన్న చెవిలోకి జారింది. మింగేలోపే రెండో చెంచా పోసింది. దగ్గొచ్చి ఆయన లేవబోతే నర్సక్క కళ్లతోనే ఆపింది. అమ్మ కొంగుతో ఆయన మూతి గట్టిగా రుద్ది తుడిచింది. అత్త అలవాటుగా నిట్టూర్చి, "ఇంకెన్నాళ్లో ఈ తిప్పలు. దేవుడు జల్దీ తీసుకుపోతే ఆమెకూ సుఖం, మనకూ సుఖం," అంది. మాట పోయినవాళ్లకు చెవులు కూడా పోతాయన్నట్టు రోజూ నాయనమ్మ పక్కనే నిలబడి అనే మాట అది.

నాన్న పళ్లు బిగబట్టాడు. చెంచా వాటికి తగిలి టక్కుమంది.

కుర్చీలో నాయనమ్మ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. నోరు ఒక పక్కకే సాగింది. నవ్వుతోంది.

నర్సక్క ఆమె ముందు కూర్చుంది. "అవ్వా, నీకెవరు పెట్టాలె?"

ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అది. నాయనమ్మ ఎడమచెయ్యి మెల్లగా లేచి నాన్నను చూపించింది.

"నాకు రాదు," అన్నాడు నాన్న.

"ఎట్ల పెట్టొద్దో ఇప్పుడే నేర్చుకుంటివి గద."

ఆయన చెవి తుడుచుకుంటూ వచ్చి గిన్నె అందుకున్నాడు. చెంచా పెట్టి ఆగేవాడు, "మింగినవా అమ్మా?" అని అడిగేవాడు. ఆమె తలూపాకే ఇంకోటి. దొరికిన నలుగురు కూలీలూ చేను దగ్గర ఎదురుచూస్తున్నారని మధ్యలో గొణిగాడు, లేవలేదు. సగం గిన్నె అయ్యేసరికి వాకిలంతా ఎండ పరుచుకుంది.

ఆ తర్వాత మా ఇల్లేం మారిపోలేదు. అత్తా అమ్మా పోట్లాడుకుంటూనే ఉన్నారు, కాకపోతే వాకిట్లోకి పోయి పోట్లాడుకునేవాళ్లు. నాయనమ్మకు మాట పూర్తిగా రాలేదు గానీ చాలా ఏళ్లు బతికింది. పొద్దుటి జావ నాన్న చేతే తాగింది.

ఇప్పుడు నేనూ ఖమ్మంలో నర్సునే. ఒక్క మంచం చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి తలా ఒకటి చెబుతుంటే, బయటికి పంపించేయమంటారా అని కొత్తగా చేరిన నర్సు పిల్లలు అడుగుతారు. నాకూ విసుగొస్తుంది, దాచుకోను. అయినా వాళ్లను ఉండనిస్తాను. మంచం మీది మనిషి ముఖంలోకి చూసి, ఏం కావాలని ముందు ఆ మనిషినే అడుగుతాను. జవాబు రావడానికి కొందరికి చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా ఎవరినీ మాట్లాడనివ్వను.