నా హస్తవాసి

నా హస్తవాసి మంచిదని మొదట ఎవరన్నారో గుర్తు లేదు గాని, ఆ మాట అనకుండా ఉంటే నా బతుకు కాస్త సుఖంగా ఉండేది. డెబ్బైల చివర్లో నన్ను తాండూరు దగ్గర యాలాల్ అవతల ఒక ఊళ్ళో నర్సుగా వేశారు. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ కాన్పులు నావే. మొదటి రెండేళ్ళు ఒక్క ప్రాణమూ పోలేదు. అందులో నా గొప్పేమీ లేదు, కాలం కలిసొచ్చింది. జనం మాత్రం "నర్సమ్మ చెయ్యి పడితే సాలు" అన్నారు. నేనూ నమ్మాను. పొగడ్తకు పడిపోయే మనిషినని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.

చెయ్యి మంచిదైతే ఊరికే వదులుతారా? కాన్పు చేస్తే సరిపోదు. పిల్లను తొట్టెలలో వేసి ఊపేనాడు మొదట నా చేత్తోనే వెయ్యాలి. పోకపోతే, బిడ్డ మంచి కోరలేదని మొహం మాడ్చుకునేవాళ్ళు. ఆదివారాలన్నీ తొట్టెలకే పోయాయి. తాండూరులో రైలెక్కితే వికారాబాద్‌లో మా అమ్మ ఇల్లు గంట దారి. ఆ గంట దారికి ఏడాదైనా తీరలేదు. సెలవు చీటీ రెండుసార్లు రాశాను. మా డాక్టరు చదివి సొరుగులో పెట్టి, "నీకున్న పేరు ఎవరికున్నదమ్మా? నువ్వు పోతే వాళ్ళు ఊకుంటరా?" అనేవాడు. నేను మురిసిపోయి వెనక్కి వచ్చేదాన్ని. పిచ్చిదాన్ని.

మూడో ఏడు వచ్చేసరికి గుమ్మంలో మనిషి కనబడితే చాలు, తలుపు చాటుకు తప్పుకునేదాన్ని. పుట్టిన పిల్లను చూస్తే సంతోషం లేదు, అమ్మయ్య అయిపోయింది అనిపించేది. కంచం ముందు కూర్చుని తినకుండానే లేచేదాన్ని. ఇదీ ఒక జబ్బేనని, దీనికి విశ్రాంతే మందని నాకెవరూ చెప్పలేదు. బాలింతలు ఏం తినాలో, ఎంతసేపు పడుకోవాలో ఊరూరా చెప్పి తిరిగింది మాత్రం నేనే.

ఒక మధ్యాహ్నం, నాపరాయి గనిలో పనిచేసేవాళ్ళింట్లో కాన్పు. తొలిచూలు పిల్ల. వరుసగా అది నాకు మూడోది, రెండు రోజులుగా నడుం వాల్చలేదు. ఆ పిల్ల భయంతో కాళ్ళు ముడుచుకుంటూ, "నాతోని కాదక్కా, నన్ను ఇడువు" అని ఒకటే ఏడుపు. చెంప మీద కొట్టాను. ఐదు వేళ్ళూ తేలాయి. నిజం చెప్పాలంటే, కొట్టగానే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ పిల్ల ఏడుపు మింగి ముక్కింది. కాసేపటికి బిడ్డ పుట్టింది. ఇక నన్ను తిడతారని తల వంచుకుని చేతులు కడుక్కుంటుంటే, ఆ పిల్ల అత్త వచ్చి నా తడి చెయ్యి కళ్ళకద్దుకుంది.

"పొద్దటి సంది బిడ్డ ఎల్లలేదమ్మా. నువ్వు ఒక్కటి ఏసినవ్, ఎల్లింది. నీ చెయ్యి గంత మంచిది."

అది తప్పమ్మా, నేను అలిసిపోయి కొట్టాను అనాల్సింది. అనలేదు. తిట్టలేదు కదా, బతికానురా దేవుడా అనుకుని సంచి సర్దుకున్నాను. కొట్టడం కంటే అదే పెద్ద తప్పు.

మాట ఊళ్ళు తిరిగింది. నెల తిరక్కముందే మరో ఊళ్ళో, నేను సంచి కింద పెట్టానో లేదో, ఇంటి ముసలామె, "నర్సమ్మా, జర మా కోడలికి గూడ ఒకటెయ్యి. మస్తు పరేషాన్ అయితున్నది, జల్ది కాన్పయితది" అంది. నవ్వులాటకు కాదు. కోడలు నా వైపు చూసి, తనంతట తనే చెంప తిప్పింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. కొట్టలేదు. కాన్పు సాయంత్రం దాకా సాగింది. కొట్టనందుకు ముసలామె నా మీద అలిగింది.

మర్నాడు చీటీ కూడా రాయకుండా డాక్టరు దగ్గరికి పోయాను.

"సార్, నేను నొప్పులు పడే పిల్లను కొట్టిన. నాకు సెలవు గావాలె."

"కొట్టనిదెవరమ్మా? లొల్లి చేస్తే అందరం ఒకటి ఏస్తం. గంత దానికి సెలవా?"

ఆయన మంచివాడే. అందుకే నాకింకా ఒళ్ళు మండింది. "ఇస్తే సెలవు, ఇయ్యకుంటే రాజీనామా" అని సంచి ఆయన బల్ల మీద పెట్టి స్టేషన్‌కు పోయాను.

మా అమ్మ నన్ను చూడగానే కంచం పెట్టింది. నెల రోజులు తిన్నాను, పడుకున్నాను, పొద్దున్నే అనంతగిరి గుట్టల వైపు నడిచి వచ్చాను. ఒకరోజు పక్కింటి పసిపిల్ల నా వేలు పట్టుకుంటే నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు గదా, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంత మాత్రం మందు ముందే ఎవరైనా ఇచ్చి ఉంటే నా చెయ్యి లేచేది కాదు.

తిరిగి పోయేసరికి ఉద్యోగం ఉంది. నేను లేనన్నాళ్ళు వేరే నర్సు వచ్చి చేసిపోయిందట, ఎవరి కొంపా మునగలేదు. వారంలోపే ఇంకో ఊరి నుంచి ఒక తొలిచూలు పిల్ల కాన్పుకు పిలుపొచ్చింది. ఈసారి నాకు ఓపిక ఉంది. ఆ పిల్ల పక్కన కూర్చున్నాను, నడుం రాశాను, "ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న గదా" అన్నాను. అంత నెమ్మదిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. నుదుటి మీద చెమట తుడుద్దామని చెయ్యెత్తాను. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, చెంప నా వైపు తిప్పింది.