నలుగురు కాదు, ఒక్క పిల్లే

పన్నెండో తరగతి పాసయినంక కాలేజీ ఫీజు మాఫీకి ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నరు. గుజరాత్‌ల ఉధ్నాలో మగ్గాలు నడిపే మా బాపు ఒకపూట సెలవు పెట్టి, ఇస్త్రీ అంగీ తొడుక్కొని, నన్ను మామ్లత్‌దార్, అదే మన తాసిల్దార్, ఆఫీసుకు తీస్కపోయిండు.

కిటికీ వెనక కూసున్న మేడం మా కాయితాలు మూడు పక్కపక్కన పరిచి శానాసేపు చూసింది.

"ఈ ముగ్గురూ ఎవరు?" అని హిందీలో అడిగింది.

తప్పు ఆమెది కాదు. ఆధార్‌లో మా ఇంటిపేరు, నా పేరు ఉన్నయి. బడి కాయితంల గుజరాతీ పద్ధతిల నా పేరు వెంబడి బాపు పేరు. రేషన్ కార్డుల ఎవరో ఇంటిపేరే నా పేరనుకొని అక్కడికే ఆపిండ్రు.

"ముగ్గురు కాదు మేడం, ఒక్క పిల్లే," అని బాపు నన్ను ముందుకు నెట్టిండు.

"నాకు కనబడుతుంది. కాయితంలో కూడా కనబడాలి కదా," అని ఆమె విచారణకు రాసింది. తలాటీ ఇంటికొస్తడని చెప్పింది. తలాటీ అంటే మన దిక్కు పట్వారీ లెక్క.

బయటికి రాంగనే బాపు, "సర్కారంటే లీడర్లే గద బిడ్డా," అని మా గల్లీ లీడర్‌కు ఫోన్ కొట్టిండు. "అయిపోతది" అన్నడాయన. ఆ తర్వాత ఫోనే ఎత్తలే.

తలాటీ మాత్రం చెప్పిన రోజుకే, చంకల ఫైలుతోటి, చెమటలు తుడుసుకుంట నవాగామ్‌ల మా గల్లీకొచ్చిండు. సాక్ష్యానికి ఇరుగుపొరుగును పిలిచి, "ఈ అమ్మాయి పేరేంటి?" అని అడిగిండు. పక్కింటి ఒడియా పిన్ని మా ఇంట్ల పిలిచే ముద్దుపేరు చెప్పింది. ఎదురింటి మరాఠీ తాత గూడ అదే చెప్పి, పైనుంచి ఒట్టు పెట్టిండు.

తలాటీ పెన్ను కిందపెట్టిండు. "ఇప్పుడు నలుగురయ్యారు."

అమ్మ మొహం తెల్లబోయింది. నాకు నవ్వు ఆగలే. ఆయన గూడ నవ్విండు గని ఫైలు మూయలే. ఫోటోలన్నీ నా మొహం పక్కన పెట్టి చూసిండు. ఆధార్ కార్డు మీద వేలు పెట్టి, "ఇందులో తండ్రి ఏడి?" అన్నడు.

"ఈడనే ఉన్న గద సాబ్!" అన్నడు బాపు.

అర్ధగంట పట్టింది, మన పేర్లల్ల ముందు ఇంటిపేరే గని తండ్రి పేరు ఉండదని సమజ్ చెయ్యనీకి. నడుమ బాపు ఉండబట్టలేక, "సాబ్, మీరు ఏ పార్టీ?" అని అడిగిండు. అమ్మ గిల్లింది.

"ఏ పార్టీ కాదు కాకా. మంత్రులు మారుతుంటారు. ఎవరొచ్చినా ఈమె ఒక్కతేనా, నలుగురా అన్నది నేనే చూసి రాయాలి. తప్పు రాస్తే అడిగేది నన్నే."

నాలుగు పేర్లూ ఒక్కరివే అని రాసి, సంతకాలు పెట్టించిండు. గుజరాతీల చదివి వినిపిస్తే నేను బాపుకు తెలుగుల చెప్పిన.

వారం తిరగకముందే సర్టిఫికెట్ వచ్చింది, కాలేజీల చేరిన. సివిల్ సర్వీసు, అంటే లీడర్లు మారినా మారని సర్కారు కొలువుల గురించి బడిల బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. అదేందో సమజైంది మాత్రం ఆ పొద్దు మా వాకిట్లనే.

మరుసటి నెల అమ్మ ఆధార్ పని పడింది. బాపు ఎవ్వరికీ ఫోన్ కొట్టలే. సక్కగ ఆఫీసుకు పోయి లైన్ల నిలబడ్డడు.