చిట్టెమ్మ మాట

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు నూకరాజు. అతని పెళ్లాం చిట్టెమ్మ టైఫాయిడ్‌తో పోయేనాటికి కూతురు గంగాభవానికి ఏడాదిన్నర. పిల్లకి తల్లి మొహం గుర్తులేదు, చూపించడానికి ఫోటో అయినా లేదు. మళ్లీ పెళ్లి చేసుకోమని ఎందరు చెప్పినా నూకరాజు వినలేదు. సాయంత్రం సైరన్ మోగి ఇంటికొచ్చాక, కుంపటి మీద అన్నం పడేసి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చిట్టెమ్మ కథ ఒకటి చెప్పేవాడు.

అన్నిట్లోకీ పిల్లకి ఇష్టమైంది గోల్‌బజారు చేపల కథ. చేపలాయన తక్కెడ మీద బొటనవేలు ఆనించి తూస్తుంటే చిట్టెమ్మ పట్టేసింది. బెంగాలీ ముక్క రాకపోయినా తెలుగులోనే గుక్క తిప్పుకోకుండా దులిపేసింది. నూకరాజు నడుం మీద చెయ్యి పెట్టుకుని, భార్య గొంతు తెచ్చుకుని, ఆ తిట్లన్నీ గడగడా అప్పజెప్పేవాడు. పిల్ల పడీపడీ నవ్వేది.

1967లో చిట్టెమ్మ చెల్లెలు అప్పలకొండ పలాస నుంచి వచ్చింది. అక్క పురిటికి వచ్చి ఆర్నెల్లు ఉండి వెళ్లిన మనిషి, మళ్లీ ఇటు రావడం అదే. ఈలోగా నూకరాజు ట్రాఫిక్ అనే రైల్వే పేటలో పాత క్వార్టరు వదిలి, న్యూ సెటిల్‌మెంట్ పేటకి మారిపోయాడు. చుట్టుపక్కల చిట్టెమ్మని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. పిన్ని ముందు గొప్పగా, చేతులు తిప్పుతూ, గంగాభవాని చేపల కథ చెప్పింది. అప్పలకొండ మొదట నవ్వింది. తర్వాత ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఇది నీకెవలు సెప్పినారమ్మా?"

"నాన్న."

అప్పలకొండ బావకేసి తిరిగింది. "అదేటి బావా? మా అప్పకి నత్తి కదా."

"నత్తేటి?" అని కసిరాడు నూకరాజు.

"నత్తేటంటావేటి? ఒక్క మాట రాడానికి మెడ నరాలు పొంగీవి. ఆ రోజు నాను పక్కనే ఉన్నాను. అప్ప నోరు తెరిసింది, మాట రానేదు. ఆడి బొటనేలు పట్టుకుని తక్కెడ మీంచి ఎత్తీసింది. ఆడు బిత్తరపోయి, ఆనక నవ్వీసి, దీదీ దీదీ అని ఇంకో సేప ఏసినాడు."

నూకరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నత్తి. పెళ్లిచూపుల్లో పేరడిగితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, కళ్లనీళ్లతో తల దించుకున్న పిల్ల. వద్దన్న తల్లితో పోట్లాడి మరీ కట్టుకున్నాడు. అలాంటిది ఎలా మర్చిపోయాడు? పసిదానికి అర్థం కావాలని మొదట్లో మాటలు అతికి చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆ అతుకుల మనిషే మిగిలింది. పదకొండేళ్లుగా తను తలుచుకుని ఏడ్చింది ఎవరికోసం?

గంగాభవాని తండ్రికేసి తిరిగింది. "అన్నీ అబద్ధాలేనా నాన్నా?"

"అబద్ధమని నాకే తెలీలేదమ్మా."

పిల్ల కంచం ముందునుంచి లేచి వరండాలోకి వెళ్లిపోయింది. నూకరాజు ఎంగిలి చేత్తోనే వెనకాల వెళ్లాడు. అది వెనక్కి తిరక్కుండా అడిగింది, "మరి అమ్మ నన్ను ఎలా పిలిచీది?"

అతను నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ ప్రయత్నించాడు.

"గ... గ్గ... గంగ."

ఆ గొంతు విని అతనే ఉలిక్కిపడ్డాడు. అది చిట్టెమ్మదే. పిల్ల గిరుక్కున తిరిగింది.

"మళ్లీ అను."

అతనివల్ల కాలేదు. మెట్టు మీద కూలబడి, అన్నం మెతుకులున్న చేత్తోనే మొహం కప్పుకున్నాడు. కాసేపటికి పిల్ల వచ్చి పక్కన కూర్చుంది, ముట్టుకోలేదు.

అప్పలకొండ పదిహేను రోజులుంది. కథలు ఆవిడే చెప్పింది. నూకరాజు కూతురి పక్కన, కొత్తగా వింటున్నవాడిలా విన్నాడు. కొన్నిటికి తలూపాడు, కొన్నిటికి ఆవిడకేసి వెర్రిగా చూశాడు. రైలెక్కించేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని, పిల్లకి వినపడకుండా అడిగాడు.

"ఇంకా ఏటేటి మర్సిపోయినానే, అప్పలకొండా?"

"అది నాకెలా తెలుస్తాది, బావా?" అంది ఆవిడ.