భోజనాల దగ్గర విసిరిన బల్లెం

ఆగిరిపల్లి తోటల్లో మామిడి కోతకి వెళ్ళే మా ముఠాలో కాయలు ఏరే పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఆదివారం చర్చిలో విన్న బైబిల్ కథని సోమవారం మధ్యాహ్నం మా అన్నాల్లోకి నంజుకోవడానికి పెట్టేది.

ఆ వేసవిలో ఓ రాజు కథ చెప్పింది. గొర్రెలు కాసే కుర్రాడొకడు యుద్ధం గెలిచొస్తాడు. రాజు కొడుకు వాడికి ప్రాణస్నేహితుడై తన అంగీ, కత్తి, విల్లు తీసి వాడికే ఇచ్చేస్తాడు. ఊళ్ళో ఆడవాళ్ళేమో రాజు కంటే కుర్రాడినే ఎక్కువ పొగుడుతూ పాడతారు. రాజుకి కడుపు మండిపోయి, కుర్రాడి మీదికి బల్లెం విసిరేస్తాడు.

"ఆ రాజు కొడుకుని నేనే పెద్దమ్మా" అన్నాను, పక్కనున్న నా స్నేహితుడి భుజం మీద చెయ్యేసి. "వల కట్టిన నా చిక్కం కర్ర వీడికిచ్చి, తొడిమ ఉంచి కాయ కొయ్యడం నేర్పిందెవరనుకున్నావ్?"

"అంగీ కూడా ఇచ్చావా?"

"ఇద్దామనుకున్నా. వీడి పొట్టకి చాల్లేదు."

అందరూ నవ్వారు. మా వాడు తాపీగా, "వద్దన్నాను పెద్దమ్మా, ఉతకలేదది" అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు.

ఆరో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ నాకు బాగా వచ్చిన పని నవ్వించడమొక్కటే. చిన్నప్పటి స్నేహితుడని వాడిని ముఠాలోకి తెచ్చిందీ నేనే. రెండు వారాలు తిరక్కుండానే, నేనేదన్నా అంటే ఆడవాళ్ళు నవ్వి, వాడేమంటాడోనని వాడి వైపు తిరగడం మొదలుపెట్టారు. నాకు ముద్ద దిగేది కాదు.

వాడి భార్య పుట్టింటికి వెళ్ళిపోయిందని నాకొక్కడికే చెప్పాడు. తెల్లారే లేచి తనే వండి కారేజీ కట్టుకొచ్చి, ఆవిడే వండిందనేవాడు. ఓ రోజు ఒకావిడ వాడి వంకాయకూర రుచి చూసి, "మీ ఆవిడ చేతికి దండం పెట్టాలయ్యా" అంది.

"చెప్తానక్కా. దండం పెడితే ఉప్పు కూడా సరిగ్గా వేస్తుందేమో."

పడీపడీ నవ్వారు. నా నోరు ఊరుకోలేదు.

"దండం వాడి చేతికే పెట్టండి. ఆవిడ పుట్టింటికి పోయి మూడు నెలలైంది. వీడి వంటకి భయపడే పోయుంటుంది!"

ఒకరిద్దరు నవ్వారు. వాడూ నవ్వాడు. తర్వాత కారేజీ మూత పెట్టేశాడు. మర్నాటి నుంచి రాలేదు.

రాజు విసిరిన బల్లెం గోడకి గుచ్చుకుందట. నాది తగలాల్సిన చోటే తగిలింది.

చాట్రాయి వైపు తోటలో చేరాడని తెలిసి బండేసుకుని వెళ్ళాను. తప్పయిందిరా అన్నాను. వాడు చేతులు తుడుచుకుంటూ, "పర్లేదండి. మనసులో పెట్టుకోకండి. టీ తాగి వెళ్ళండి" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నన్ను "ఒరేయ్ బావా" అన్నవాడు. తిట్టినా బావుండేది.

తిరిగొచ్చి పెద్దమ్మని అడిగాను, తర్వాత ఆ రాజు ఏమయ్యాడని.

"ఏడ్చాడు. తప్పు ఒప్పుకున్నాడు. కుర్రాడు కూడా పగ తీర్చుకునే వీలు దొరికినా వదిలేశాడు."

"మరి మళ్ళీ కలిసున్నారా?"

"రాజు రమ్మన్నాడు. కుర్రాడు వెళ్ళలేదు."

ఇప్పటికీ నేను జోకేస్తే ముఠాలో నవ్వుతారు. అన్నాల దగ్గర ఇంటి సంగతులు చెప్పుకుంటూ ఉంటారు. నేను వెళ్ళి కూర్చోగానే మాట ఎండల మీదికి మళ్ళుతుంది.

"ఈ ఏడు ఎండలు ఎక్కువే కదండీ" అంటారు.

ఎక్కువేనండి, అంటాను.