ఆయుధపూజకు కడిగిన కంకర

ఖాయంగా తెలిసింది ముందు చెబుతాను. పందొమ్మిదివందల నలభైల చివరి యేళ్లలో, మదనపల్లెకూ పుంగనూరుకూ నడుమనున్న ఒక చిన్న ఊళ్లో మురుగునీటిని శుద్ధిచేసే ఏర్పాటు ఉండేది. మడ్డి దిగే తొట్టి, దాని పక్కన కంకర పరిచిన మడి, అక్కడినుంచి వంకలోకి కాలువ. ఆ నీటిని పరీక్షించే పని నాది. ఇక విన్నమాట: ఆ శుద్ధినీటిని ఎవరో దొర గ్లాసుతో తాగాడని. ఎక్కడని మదనపల్లెలో అడిగితే పుంగనూరులో అన్నారు. పుంగనూరులో అడిగితే కుప్పంలో అన్నారు. కుప్పం వెళ్లినప్పుడు అడిగితే, మదనపల్లెలోనే కదా అన్నారు. చూసినవారు ఒక్కరూ దొరకలేదు, నమ్మనివారూ దొరకలేదు.

నిజానికి మడిలో నీటిని బాగుచేసేది కంకర కాదు, దానిమీద వారాల తరబడి పేరుకునే జిగురుపొర. అందులోని సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. ఈ సంగతి అక్కడి మేస్త్రీకి చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ఆయుధపూజ మర్నాడు వెళ్లేసరికి, పైరాళ్లన్నీ చీపుళ్లతో తోమి, సున్నపునీళ్లతో కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టి ఉన్నాయి.

“సూడప్పా, అద్దాల మాదిరి ఉండాయి” అన్నాడు మేస్త్రీ.

“ఆ జిగురును యాల కడిగినారు? పనిచేసేది అదే కదా.”

“పండగ పూట పాచి రాళ్లకి బొట్టు పెడతామా? పాచి పనిచేసేదైతే మా ఇంటి మోరీ ఈపాటికి కలెక్టరయ్యుండాల.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మడి దాటిన నీటిలో పర్మాంగనేటు చుక్కలు వేశాను. పండుగకు ముందు ఆ గులాబిరంగు చాలాసేపు నిలిచేది. ఇప్పుడు చూస్తుండగానే మాసిపోయింది. మురికి దాదాపు వచ్చినట్టే వంకలోకి పోతున్నదన్నమాట.

దిగువన వంక ఇసుకలో చెలమ తవ్వుకొని నీళ్లు ముంచుకునే కూలి మనిషి ఒకామె ఉండేది. ఆమె కూతురు తొలికాన్పుకు వచ్చి ఉన్నది. నేరుగా ఆమె దగ్గరికి వెళ్లి, ఆ నీళ్లు కొన్నాళ్లు వద్దన్నాను.

“యాడికి పోవాలప్పా? ఊరి బావికాడికి మమ్మల్ని రానీరు.”

“అయితే కాచి తాపమ్మా.”

“పుల్లలు నువ్వు తెచ్చిస్తాండావా?” అని కడవ ఎత్తుకున్నది.

మేస్త్రీ బొట్లు చెరపనన్నాడు. చెరిపినా పొర ఒక్కరోజులో పుట్టదు. చెలమ నీటిని రోగక్రిముల పరీక్షకు పంపాలని, మరిగించిన సీసాతో మరునాడు బయలుదేరాను. రాత్రి కురిసిన వానకు వంక పొంగి, చెలమ ఉన్న చోటు కూడా ఆనవాలు లేకుండా పోయింది.

వారం తిరగకముందే కూతురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆమె బతికింది. కడుపులోని బిడ్డ దక్కలేదు. దిష్టి అన్నారు కొందరు, గంగమ్మ కోపం అన్నారు మరికొందరు. తల్లి మాత్రం నన్నే అడిగింది:

“నేను మోసిన నీళ్లేనా అప్పా?”

నాకు ఇప్పటికీ తెలియదు. కాలువకూ చెలమకూ మధ్య ఉన్న ఇసుక ఆ మురికిని ఎంత వడగట్టిందో లెక్కించడానికి అవసరమైన ఆనాటి చెలమ నీరు ఒక్క చుక్క కూడా మిగలలేదు. రంగు మాసినంత మాత్రాన రోగక్రిములు ఉన్నట్టు కాదు. తెలియదనే ఆమెకు చెప్పాను. ఆ నీళ్లు కాదని చెప్పమని మేస్త్రీ పక్కనే నిలబడి సైగ చేస్తూనే ఉన్నాడు.