బట్టలంగడి ముడి

ప్రొద్దుటూరులో మాది బట్టలంగడి. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు చీరలు మూటగట్టి ఇవ్వడంలో నన్ను మించినవాడు లేడని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. ఇంటికి పోయినాక ఆడవాళ్లు కత్తెర కోసం వెతుక్కునే పని లేదు. కొస పట్టుకొని ఒక్క లాగు లాగితే చాలు, ముడి ఊడి వస్తుంది. ఆ పనితనమే నా కొంప ముంచబోయింది.

సింహాద్రిపురం దగ్గర మా బామ్మర్దికి చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. తోటలో మెట్లబావి. ఎండాకాలం సెలవుల్లో అక్కడికి పోతే, ఎనిమిదేళ్ల నా కూతురు ఈత నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఆ పక్క పద్ధతి ఒకటే. ఖాళీ నూనె క్యానుకు మూత బిగించి, పిల్లల వీపుకు తాడుతో కట్టి, నీళ్లలోకి వదులుతారు. క్యాను నేనే కడతానని ఎగబడ్డాను.

"గట్టిగా కట్టు బావా" అన్నాడు బామ్మర్ది.

"ఇరవై ఏండ్లుగా మూటలు కడతాండా. నాకే నేర్పుతాండావా?"

పాప దూకింది. కాసేపు తేలుతూ కేరింతలు కొట్టింది. నేను కింది మెట్టు మీద నిలబడి, గజ ఈతగాడిలా చేతులూపుతూ "కాళ్లాడించు, కాళ్లాడించు" అని ఆజ్ఞలిస్తున్నాను. ఇంతలో వేలాడే తాడు కొస దాని కాలికి తగిలింది. నాచు చుట్టుకుందనుకుందో ఏమో, పట్టుకొని లాగింది. నా ముడి నా పరువు నిలబెట్టింది! క్యాను ఒక పక్కకు, పాప ఒక పక్కకు. క్యాను హాయిగా తేలింది.

పాప తల మునిగిపోయింది. నా గొంతులోంచి కేక వచ్చింది గానీ కాలు కదల్లేదు. గట్టు మీదున్న బామ్మర్ది చొక్కాతో, జేబులో సెల్‌ఫోన్‌తో సహా దూకి, జుట్టు పట్టుకొని పైకి లాగాడు.

మెట్టు మీద కూర్చోబెడితే పాప దగ్గి దగ్గి నీళ్లు కక్కింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, నన్నే చూసింది.

"నువ్వెందుకు దూకలేదు నాయనా?"

పొద్దున లేస్తే గిరాకీలతో వాగే నోరు నాది. వంగి, తేలుతున్న క్యానును అందుకోబోయాను.

"మీ నాయనకు ఈత రాదు పాపా" అన్నాడు బామ్మర్ది, చొక్కా పిండుకుంటూ.

"మరి కాపలాకు ఎందుకు నిలబడినాడు?"

ఆ ప్రశ్నకు నేను సిగ్గుతో చచ్చాను. వారం రోజులు అన్నం సయించలేదు. మరుసటి ఆదివారం, నలభై నాలుగేళ్ల వయసులో, బానపొట్టతో, వీపున రెండు క్యాన్లతో అదే బావిలో దిగాను. ముళ్లు బామ్మర్దే వేశాడు, నన్ను తాడు ముట్టుకోనీయలేదు. కాయలు కోసే ఆడవాళ్లు పని మానుకొని వచ్చి, "మూట బాగుందప్పా!" అని పడీ పడీ నవ్వారు.

పాప మాత్రం నవ్వలేదు. తన క్యాను తాను కట్టించుకొని, కింది మెట్టు మీద కూర్చొని, నా మీది నుంచి చూపు తిప్పడం లేదు.

"భయపడొద్దు నాయనా" అంది. "నువ్వు మునిగితే నేను దూకుతా."